ఆరు కళ్ళు, ఆరు కాళ్ళు

26 నవంబర్ 2025, బుధవారం

రేపు మార్గశిరం మొదటి లక్ష్మివారం. స్కూలు నుంచి వచ్చి టీ అయినా తాగకుండా బూజుకర్ర పట్టుకున్నాను. ముందు గదులు అయ్యేసరికి దీపాలవేళ అయింది. వెనకగది మిగిలింది. మొంథా తుఫాను వానలకి ఆ గోడ చెమ్మెక్కి ఇంకా పూర్తిగా ఆరలేదు. అత్త ఏకులు దాచుకునే చెక్కపెట్టె ఆ గోడకే ఆనుకుని ఉంది. నేనూ పెద్దాడూ చెరో పక్కా పట్టి జరిపాం.

పెట్టె వెనక ఎండిన అరటిడొప్పలు రెండు పడి ఉన్నాయి. ఏకులు నలగకుండా, దుమ్ము పట్టకుండా అత్త వాటిని అరటిడొప్పలో చుట్టి పెడుతుంది. పొందూరులో చేత్తో వడికే ఇళ్ళన్నిట్లోనూ అదే పద్ధతి. ఒక డొప్ప ఎత్తితే కింద సాలీడు. లేత గోధుమరంగు, దారప్పోగుల్లాంటి కాళ్ళు. కాళ్ళతో కలిపినా రూపాయి బిళ్ళంత ఉంటుందేమో. రోజూ గోడ మీద చూసే పెద్ద సాలీడులా ఇది పరుగెత్తలేదు. ముందుకాలు చాపి, తడిమి చూసుకుని, అప్పుడు అడుగు వేస్తోంది.

చీపురు ఎత్తాను. గుమ్మంలో నిలబడి అత్త, "సంపీకమ్మా. అదీ మనలాగ నూలొడుక్కుని బతికీదే గదా" అంది.

చెయ్యి ఆగిపోయింది. సాలీడు అంటే నేతగాడు కూడా. ఆ పురుగుకి పేరు పెట్టినవాళ్ళు మగ్గం పక్కన పుట్టి పెరిగినవాళ్ళే అయి ఉంటారు.

ఈలోగా పెద్దాడు ఫోటో తీసి ఫోన్‌ని అడిగాడు. "అమ్మా, ఇది బ్రౌన్ రెక్లూజట! కుడితే కండ కుళ్ళిపోతుందట!" అన్నాడు. వాడి గొంతు మారిపోయింది.

ముగ్గురికీ ఒక్కసారే పక్కింటి చిన్నత్త గుర్తొచ్చింది. ఆవిడ మావయ్య తమ్ముడి భార్య. మధ్యాహ్నాలు ఈ గదిలోనే అత్త ఎదురుగా కూర్చుని రాట్నం తిప్పుతుంది. నాలుగు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు. నడుం దగ్గర పుండు కూడా ఉంది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన చూసి, సాలీడు కుట్టిందని చెప్పి సూదిమందు వేసి వెళ్ళాడు.

గాజుగ్లాసు బోర్లించి, కింద నుంచి శుభలేఖ అట్ట దూర్చి పట్టాను. పచ్చడి సీసా కడిగి తుడిచి అందులోకి దించాను. మూతకి సూదితో బెజ్జాలు పెట్టి, బల్ల మీద పేపరు పరిచి దాని మీద ఉంచాను. రాత్రంతా ఆ సీసా వైపే చూపు పోతోంది.

27 నవంబర్, లక్ష్మివారం

తెల్లారకుండానే ముగ్గులు, పూజ, నైవేద్యం అన్నీ అయ్యాయి. అమ్మవారి ముందు చిన్నత్త పేరు చెప్పి దండం పెట్టుకున్నాను.

నిన్న రాత్రి చాలాసేపు చదివాను. రెక్లూజ్ అంటే ఒంటరిగా, మరుగున బతికేది అని. శాస్త్రంలో లాక్సోసెలిస్. బ్రౌన్ రెక్లూజ్ అనేది అమెరికా మధ్య, దక్షిణ రాష్ట్రాలది. మధ్యధరా తీరానికి చెందిన చుట్టం ఒకటుంది. అది సరుకు పెట్టెల్లో దాక్కుని దేశాలు తిరిగింది. మన దేశంలోనూ కనిపించినట్టు నమోదులు ఉన్నాయి. కాబట్టి 'ఇక్కడ ఉండనే ఉండదు' అని కొట్టిపారెయ్యడానికి లేదు. పొడిగా, చీకటిగా, కదిలించకుండా ఉండే చోటు దానికి ఇష్టం. పెట్టె వెనక, మడత బట్టల్లో, అటక మీద ఉంటుంది. మన మీదికి రాదు. బట్టలో ఉండగా మనం తొడుక్కుంటే, ఒంటికీ బట్టకీ మధ్య నలిగితే కరుస్తుంది.

అందరూ చెప్పే గుర్తు వీపు మీది ఫిడేలు మచ్చ. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు నేర్పిన విజయనగరం పక్కన పుట్టినదాన్ని, ఆ ఆకారం నాకు ఒకరు చూపించక్కర్లేదు. అయినా ఆ గుర్తుని నమ్మి మోసపోయినవాళ్ళే ఎక్కువ. భయంతో చూసే కంటికి గోధుమరంగు సాలీడు వీపు మీద ఏ మరక ఉన్నా ఫిడేలులాగే కనపడుతుంది. పైగా మధ్యధరా రకానికి ఆ మచ్చ వెలిసిపోయినట్టు ఉంటుంది. తెలిసినవాళ్ళు ముందు చూసేది కళ్ళని. సాలీళ్ళలో ఎక్కువ వాటికి ఎనిమిది కళ్ళు. రెక్లూజ్‌కి ఆరే. అవి మూడు జంటలుగా, ఎదురుగా ఒక జంట, పక్కలకి ఒక్కో జంట చొప్పున, నెలవంకలా అమరి ఉంటాయి.

ఆవగింజలో సగం కూడా లేని తల మీద కళ్ళు లెక్కపెట్టాలి. మావయ్య వస్తువుల డబ్బా తీశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ బట్ట నాణ్యం చూసిన మనిషి. అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే మడత భూతద్దం ఆ డబ్బాలో ఇంకా ఉంది. ఇత్తడి చట్రం, అడుగున అంగుళం కిటికీ. ఆ కిటికీ అంచులు మావయ్య వేళ్ళకి అరిగి నున్నబడ్డాయి. దాన్ని సీసాకి ఆనించి, పెద్దాడిని టార్చి పట్టుకోమన్నాను.

మొదట ఏమీ తెలియలేదు. సాలీడు కదిలింది. ఊపిరి బిగబట్టాను. అప్పుడు టార్చి వెలుగులో నల్లపూసల్లా మెరిశాయి. ముందు రెండు. కుడిపక్క రెండు. ఎడమపక్క రెండు. మళ్ళీ లెక్కపెట్టాను. పెద్దాడు లెక్కపెట్టాడు. ఆరే.

భూతద్దం మడిచేటప్పుడు నా వేళ్ళు వణికాయి. చిన్నత్త ఇంట్లో చెప్పాను, సాలీడు చెడ్డదే కావచ్చని. ఈ మాట ఇక్కడ రాసి ఉంచాలి. సగం తెలిసి నోరు జారాను.

28 నవంబర్, శుక్రవారం

నిద్ర పట్టక రెండున్నరకి లేచి మళ్ళీ చదివాను. ఆరు కళ్ళు మూడు జంటలుగా ఉండే జాతి రెక్లూజ్ ఒక్కటే కాదు. స్కైటోడిస్ అని ఇంకొకటి ఉంది, అది ఉమ్మేసే సాలీడు. మన ఇళ్ళల్లో బాగా ఉండేదే. కళ్ళు చూసి ఆగిపోతే రెండూ ఒకటే అనిపిస్తాయి. కళ్ళ తర్వాత వీపు చూడాలి. రెక్లూజ్ వీపు పలచగా, చదునుగా ఉంటుంది. కాళ్ళకీ పొట్టకీ ఒకే రంగు, చుక్క ఉండదు, చార ఉండదు. స్కైటోడిస్ వీపు వెనకవైపు గుమ్మటంలా లేస్తుంది. దాని జిగురుగ్రంథులు ఉండేది అందులోనే. కాళ్ళ మీద కట్లు, ఒంటి మీద మరకలు.

సీసా ముందు కూర్చున్నాను. ఈసారి పైనుంచి కాదు, పక్కనుంచి చూశాను. వీపు గుండ్రంగా, బోర్లించిన బుడ్డి గిన్నెలా ఉంది. కాళ్ళ మీద ముదురు కట్లు, చీర అంచు గళ్ళలా. నిన్న ఇవి నా కంటికి ఎందుకు ఆనలేదు? నిన్న నేను కళ్ళనే వెతికాను, కళ్ళే దొరికాయి.

ఇంకా రుజువు కావాలనిపించి అరటిపండు మీద వాలిన పళ్ళ ఈగని పట్టి సీసాలో వదిలాను. సాలీడు కదల్లేదు. ఈగ నడుచుకుంటూ వేలెడు దూరం లోపలికి వచ్చింది. సాలీడు ఒళ్ళు ఒక్కసారి అదిరింది, అంతే. రెప్పపాటులో ఈగ ఉన్నచోటే అతుక్కుపోయింది. దాని మీద అటూ ఇటూ మెలికలుగా రెండు జిగురు తీగలు, కుట్టుపని చేసినట్టు. అప్పుడు సాలీడు నింపాదిగా నడిచి వెళ్ళింది.

ఉమ్మేసే సాలీడే. మనుషులకి దీనివల్ల ఏ కీడూ లేదు. పక్క గదిలో అత్త కదురు చప్పుడు వినిపిస్తోంది. బరువు దిగినట్టయింది.

దిగిన బరువు పొద్దున్నే మళ్ళీ ఎక్కింది. చిన్నత్తని కుట్టింది ఇది కాదు. మరి ఆ పుండు ఏమిటి?

స్కూలుకి సెలవు పెట్టి వెళ్ళాను. మంచం చుట్టూ జనం. పుండు చుట్టూ పసుపూ సున్నం పట్టించారు. బ్లేడుతో గాటు పెట్టి చెడ్డరక్తం తీసేస్తే విషం దిగిపోతుందని ఒకరు అంటున్నారు. నేను గట్టిగా వద్దన్నాను. 2012లో అస్సాంలోని సదియా దగ్గర సాలీళ్ళ భయం లేచి ఇద్దరు చనిపోయారు. వాళ్ళని ముందు నాటువైద్యులకి చూపించారనీ, బ్లేడు గాట్లు పెట్టి రక్తం తీశారనీ అప్పట్లో పత్రికల్లో వచ్చింది. నిజంగా రెక్లూజ్ కరిచినా గాటు పెట్టకూడదు. కడిగి, చల్లటి కాపడం పెట్టి, కదపకుండా ఉంచి డాక్టరుకి చూపించాలి. చాలా కాట్లు వాటంతట అవే మానతాయి.

గోరువెచ్చటి నీళ్ళతో సున్నం తుడిచాను. చీర కుచ్చిళ్ళు దోపే చోట, లంగా బొందు ఒరిసే గీత మీద ఉంది. అర్ధరూపాయి కన్నా చిన్నది. మధ్యలో నల్లటి పక్కు, బీడీతో కాల్చినట్టు. చుట్టూ సన్నటి ఎర్ర వలయం.

"నొప్పుందా చిన్నత్తా?"

"నేదమ్మా. దురదా నేదు. నొప్పంతా తలకాయే. పగిలిపోతంది."

ఆ మాట మనసులో గుచ్చుకుంది. రెక్లూజ్ కాటు గంటలు గడిచేకొద్దీ నొప్పెడుతుందని రెండు రాత్రులుగా చదువుతున్నాను. ఇక్కడ నల్లబడిన పుండుకి నొప్పి లేదు. ఆరు రోజులుగా జ్వరం దిగలేదు.

ఇంటికొచ్చి సీసా పక్కకి జరిపాను. దాని కింద పరిచిన పేపరులో జిల్లా పేజీ పైకి ఉంది. స్క్రబ్ టైఫస్ గురించి వార్త, పక్కన చిన్న ఫోటో. బీడీతో కాల్చినట్టు నల్లటి పక్కు. రెండు రోజులుగా ఆ ఫోటో మీదే సీసా పెట్టి సాలీడు కళ్ళు లెక్కపెడుతున్నాను.

29 నవంబర్, శనివారం

తొలి బస్సుకి శ్రీకాకుళం తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పక్కు చూడగానే అడిగిన మొదటి మాట, "పొలం పనికి వెళ్ళావా అమ్మా?"

"కోతలకెళ్ళినాను బాబూ. ఆవుకి గట్టు మీద గడ్డి కోసినాను. ఆ గడ్డిలోనే కూకుని సద్దన్నం తిన్నాను."

"ఎన్నాళ్ళయింది?"

రెండు వారాలు దాటింది. లెక్క సరిపోయింది. ఈ జబ్బు సాధారణంగా పది రోజుల అటూ ఇటూగా బయటపడుతుంది.

రక్తం తీసి పరీక్షకి పంపారు. కానీ ఫలితం కోసం ఆగలేదు. డాక్సీసైక్లిన్ ఇవాళే మొదలుపెట్టారు. అనుమానం బలంగా ఉన్నప్పుడు ఆగకూడదట. ఆలస్యమైతే ఊపిరితిత్తులకీ, మూత్రపిండాలకీ, మెదడుకీ పాకుతుంది. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. వేళకి ఇస్తే చవకైన ఈ మందే చాలు. గర్భిణులకైతే అజిత్రోమైసిన్ ఇస్తారు. ఒకరి నుంచి ఒకరికి అంటదని చెప్పాక ఇంట్లోవాళ్ళు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఓరియెన్షియా సుత్సుగముషి అనే సూక్ష్మజీవి ఈ జబ్బుకి మూలం. దాన్ని మన ఒంట్లోకి ఎక్కించేది చిగ్గరు అనే పురుగుపిల్ల. గడ్డిలో, తుప్పల్లో, ఎలకలు తిరిగే గట్ల మీద ఉంటుంది. మిల్లీమీటరులో ఐదో వంతు. మామూలు కంటికి ఆనదు. ఒంటి మీద పాకి, బట్ట బిగుతుగా ఉండేచోట ఆగి కుడుతుంది. కుట్టినప్పుడు తెలియదు. ఇది సాలీడుకి దూరపు చుట్టమే. పెద్దయ్యాక దానికీ ఎనిమిది కాళ్ళు వస్తాయి. మనిషిని కుట్టే పిల్లవయసులో మాత్రం ఆరే.

ఆరు కళ్ళదాన్ని చూసి బెదిరిపోయాం. ఆరు కాళ్ళది మనిషిని కుట్టి మంచాన పడేస్తే దాని ఊసే ఎత్తలేదు. ఈ నాలుగు రోజులూ చిన్నత్తవి, నావి కావు. నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని. బుధవారం నాడే వెళ్ళి పుండు చూసి ఉండాల్సింది.

1 డిసెంబర్, సోమవారం

ఆస్పత్రి నుంచి ఫోను. రాత్రి చెమటలు పట్టి జ్వరం దిగిందట. చిన్నత్త గంజి అడిగి తాగిందట. మందు పడ్డాక రెండు రోజుల్లో దిగితే రోగం అదేనని నమ్మకం బలపడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. సాయంత్రానికి పరీక్ష ఫలితమూ వచ్చింది. స్క్రబ్ టైఫసే.

ఎనిమిదో తరగతిలో పాఠం పక్కన పెట్టి ఇదే చెప్పాను. కాన్సస్ కుటుంబం సంగతి చెప్పినప్పుడు పిల్లలు కళ్ళార్పకుండా విన్నారు. 2001లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక ఇంట్లో ఆరు నెలల్లో 2,055 బ్రౌన్ రెక్లూజ్ సాలీళ్ళు పట్టారు. అసలైనవే. ఆ ఇంట్లోవాళ్ళు ఏళ్ళ తరబడి వాటి మధ్యే బతికారు. ఒక్కరికీ కాటు పడలేదు. రిక్ వెట్టర్ అనే సాలీళ్ళ శాస్త్రవేత్త దాన్ని గ్రంథస్థం చేశాడు. ఆయన చాలా ఏళ్ళు డాక్టర్లకి చెప్పింది ఒకటే. సాలీడు దొరక్కుండా, కరిచింది ఎవరూ చూడకుండా, నల్లటి పుండు ప్రతిదాన్నీ దాని ఖాతాలో రాసేస్తే అసలు జబ్బుకి మందు అందదు. అది చీముపట్టిన గడ్డ కావచ్చు, షుగరు పుండు కావచ్చు, మనకైతే స్క్రబ్ టైఫస్ కావచ్చు.

"మరి అసలు రెక్లూజే దొరికితే టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. చేత్తో ముట్టుకోవద్దు. గ్లాసుతో పట్టి, పైనుంచీ పక్కనుంచీ ఎదురుగా ఫోటోలు తీసి తెలిసినవాళ్ళకి చూపించాలి. మంచం గోడకి జానెడు ఎడంగా జరపాలి. నేల మీద పడిన బట్ట దులిపి కట్టుకోవాలి. పొలం నుంచి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్ళలో నానబెట్టాలి. చివరిది సాలీడు కోసం కాదు, చిగ్గరు కోసం. ఆ రెండిట్లో మన ఊరికి ఎక్కువ కావలసింది అదే.

రాత్రి అత్తకి రెక్లూజ్ నూలు సంగతి చెప్పాను. దాని పోగు గుండ్రంగా ఉండదు, రిబ్బనులా పలచగా ఉంటుంది. మందం మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. వడుకుతూనే దాన్ని మిల్లీమీటరుకి ఇరవై దాకా సుడులు పెట్టి అతికిస్తుంది. లాగితే సుడులు ఒక్కొక్కటే విడుతూ సాగుతుంది కాబట్టి పోగు ఊరికే తెగదు. అమెరికాలోని విలియం అండ్ మేరీ కాలేజీవాళ్ళు 2017లో ఈ సంగతి ప్రచురించారు.

అత్త చేతిలో వాలుగ దవడ ఉంది. ఆ చేప పళ్ళ వరస మీద పత్తిని దువ్వుతోంది. నూరో నంబరు నూలుకి పత్తి ఇక్కడ అలాగే తయారవుతుంది. చెయ్యి ఆపి కాసేపు ఆలోచించింది. "సుడి పెట్టి ఒడుకుతాదా! దానికెవురు నేర్పినారో" అంది. ఆవిడ గొంతులో ఒక పనిమంతురాలికి ఇంకో పనిమంతురాలి మీద ఉండే గౌరవం వినిపించింది.

4 డిసెంబర్, లక్ష్మివారం

రెండో లక్ష్మివారం, పున్నమి. చిన్నత్త నిన్న ఇల్లు చేరింది. నీరసం ఇంకా ఉంది. మందు చెప్పినన్ని రోజులూ మానకుండా వేసుకోవాలి. పక్కు అంచులు లేచాయి. కింద లేత గులాబీరంగు చర్మం వస్తోంది. ప్రసాదం తీసుకెళ్తే లేచి కూర్చుని రెండు చేతులా పట్టుకుంది. బ్లేడు మాట ఎత్తినావిడ కూడా అక్కడే ఉంది. ఆవిడ మనవడికి మూడు రోజులుగా జ్వరమట. "వాడి ఒళ్ళంతా సూసినామమ్మా. సంకలూ, సెవులెనకా, మొలతాడు కిందా. పక్కేం నేదు" అంది. పక్కు లేకపోయినా ఈ జబ్బు ఉండొచ్చు, ఇవాళే రక్తం చూపించమన్నాను. వెంటనే లేచి వెళ్ళింది.

సాయంత్రం సీసా తీశాను. ఎనిమిది రోజుల్లో లోపల ఒక మార్పు వచ్చింది. సాలీడు గుడ్లు పెట్టి, పలచటి పట్టుదారంతో మూటకట్టి, నోట కరుచుకుని నిలబడి ఉంది. భూతద్దం పెట్టి చూశాను. దారం ఎంత పలచనంటే లోపలి గుడ్లు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి, ఉడికిన సగ్గుబియ్యంలా. ఈ స్థితిలో దానికి తిండి తినడానికి నోరు ఖాళీ లేదు.

పెరట్లో కట్టెల కుప్ప దగ్గర సీసా పడుకోబెట్టి మూత తీశాను. చాలాసేపు కదల్లేదు. తర్వాత ముందుకాలు చాపి అంచు తడిమింది. మూట వదలకుండా బయటికి నడిచింది. పెద్దాడు టార్చి వెయ్యబోతే అత్త వారించింది. వెన్నెల చాలంది.

వెనకగది గోడ ఆరింది. చెక్కపెట్టె గోడకి జానెడు ఎడంగా పెట్టాం. ఎదురుగా చిన్నత్త రాట్నం తుడిచి ఉంచాను. పోగుల భూతద్దం మావయ్య డబ్బాలో మళ్ళీ పెట్టలేదు. స్కూలు సంచిలో వేసుకున్నాను.